భోజనాల బల్ల పక్కన సముద్రం

రోజంతా నీళ్లు పరీక్షించి జీతం తీసుకునే మనిషిని నేను. ఫ్యాక్టరీ ల్యాబులో బాయిలర్లకు వెళ్లే నీరు, కూలింగ్ టవర్లలో తిరిగే నీరు, బయటికి వదిలే నీరు, అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. సీసాలో నీళ్లు పట్టుకొచ్చి ఇందులో ఏముందో చెప్పమంటే చెప్పగలనని కాస్త పొగరు కూడా ఉంది. ఆ పొగరంతా మా ఇంట్లో భోజనాల బల్ల పక్కనున్న గాజుతొట్టె దించేసింది.

అది మామూలు చేపల తొట్టె కాదు, ఉప్పునీటి తొట్టె. ఫిల్టరు నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి, రాళ్లు పేర్చి, మోటారుతో అలలు పుట్టించి పెంచుకున్న చిన్న సముద్రం. అందులో నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ చేపలు రెండు ఉండేవి. రాళ్ల మీద పగడాల జాతికి చెందిన మెత్తటి జీవులు ఉండేవి. అవి చొక్కా బొత్తాలంత ఉంటాయి, అందుకే వాటిని బొత్తాలనే అంటాం, లైటు వెయ్యగానే పువ్వుల్లా విచ్చుకుంటాయి. తన తొట్టెలో పెరిగిన వాటిని కోల్‌కతాలో ఒకాయన పిలకలు తీసి ఇస్తే, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఈ హిందీ ఊళ్లో, మాంగో అనే పేటలో, మూడో అంతస్తు ఫ్లాటులో, కిటికీ తీస్తే ఆటోల మోత తప్ప ఇంకేదీ వినపడని చోట సముద్రం ఏమిటని మా ఆయన మొదట్లో నవ్వాడు. తర్వాత డ్యూటీ నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా దాని ముందు నిలబడటం మొదలుపెట్టాడు.

మా మామగారు పోయాక మా అత్తగారు ఊరికి అటు చివరున్న బాగ్‌బేరా ఇల్లు వదిలి మా దగ్గరికి వచ్చేసింది. మామగారు రైల్వే యార్డులో పనిచేసిన మనిషి. ఆయన డ్యూటీ ఎప్పుడు దిగితే అప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా పీటలేసుకుని తినేవారు. యార్డులో గూడ్సు బండి ఆలస్యమైతే ఆవిడ భోజనమూ ఆలస్యమే. ఆయన రిటైరయ్యాకా ఆ పద్ధతి మారలేదు. ఆయన పోయాక మాత్రం ఆవిడ కంచం ముందు కూర్చోవడం, అన్నం కెలకడం, చెయ్యి కడుక్కోవడం, అంతే.

జాకెట్లు వదులైపోయాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. సాక్చీ పేటలో డాక్టరు మా అత్తగారి ముందే మాకు గట్టిగా చెప్పాడు, ఇలాగే సాగితే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ల మీద ఉంచాల్సి వస్తుందని. ఆవిడ తింటుందా లేదా అన్నదే అప్పట్లో మా ఇంట్లో అసలు సమస్య. నేను ల్యాబు నుంచి ఫోన్ చేసి మొదట అడిగేది అదే. మా ఆయన మధ్యాహ్నం బీ షిఫ్టుకు వెళ్లే ముందు వంటింట్లోకి తొంగి చూసేది ఆవిడ కంచమే.

ఒక వేసవి రోజున ఉక్కగా ఉందని ఆవిడ కుర్చీని ఫ్యాను కిందికి, అంటే తొట్టె పక్కకి జరిపాం. విచిత్రంగా ఆ వారంలోనే ఆవిడ తినడం మొదలుపెట్టింది. ముందు సగం కంచం, తర్వాత మొత్తం. ఫ్యాను గాలి వల్లనని నేనన్నాను. శ్రీకాకుళం నుంచి వాళ్ల చెల్లెలు పంపిన ఎండురొయ్యల పొడి వల్లనని మా ఆయన అన్నాడు. ఆ పొడి చిన్న స్టీలు డబ్బాలో ఎప్పుడూ ఆవిడ కంచం పక్కనే ఉండేది. తను రాసిచ్చిన టానిక్కు వల్లనని డాక్టరు అన్నాడు. ఎవరిది నిజమైతేనేం, నెత్తిన పాలు పోసినట్టయింది.

ఆ సంతోషంలో ఉండగానే తొట్టెలో గడ్డి మొదలైంది.

ముందు ఇసుక మీద గోధుమరంగు పొడి పేరుకుంది. అది పోయింది అనుకుంటుండగా రాళ్ల మీద ఆకుపచ్చటి నూగు. తర్వాత ఆ నూగు జుట్టయింది. దువ్వితే జడ వెయ్యొచ్చు అన్నంత పొడుగ్గా, అలలకు అటూ ఇటూ ఊగుతూ. దీన్ని నాచు అంటారని, నీళ్లలో ఫాస్ఫేటు ఎక్కువైతే వస్తుందని చిన్నపిల్లలకైనా చెప్పగలను. మరి నా నీళ్లలో ఫాస్ఫేటు లేదు! ఇంటి దగ్గర కిట్టుతో చూశాను, లేదు. సీసాలో పట్టుకెళ్లి ల్యాబులో చూశాను, లేదు. కొత్త రసాయనం తెప్పించి మళ్లీ చూశాను. ఫాస్ఫేటుంటే నీళ్లు నీలంగా మారాలి, తెల్లటి గుడ్డ మీద పెట్టి చూసినా ఆ రంగు కనపడలేదు. నీళ్లు స్వచ్ఛం, తొట్టె మాత్రం పచ్చిక బయలు.

తొట్టెలు పెంచేవాళ్ల గ్రూపులో ఫోటో పెట్టి సలహా అడిగాను. లైటు తగ్గించమన్నారు ఒకరు. లైటు కాదు, అలలు పెంచమన్నారు ఇంకొకరు. ఫిల్టరు మార్చమన్నారు. ఫిల్టరు మార్చాక, అసలు నీళ్లు మరీ శుభ్రంగా ఉండటమే తప్పని ఒకాయన తేల్చాడు. నత్తలు వెయ్యమన్నారు, వేశాను. అవి గాజు మీద పాకుతూ పాకుతూ జారి వెల్లకిలా పడిపోయేవి. తమంతట తాము తిరగలేవు. ల్యాబు నుంచి వచ్చి నత్తల్ని బోర్లా తిప్పడం నాకు రెండో ఉద్యోగమైంది. ఆదివారాలు మోచేతుల దాకా నీళ్లలో చేతులు పెట్టి గడ్డి పీకేదాన్ని. మరుసటి ఆదివారానికి మళ్లీ అంతే గడ్డి. తల గోక్కోవడం తప్ప నాకేమీ తోచలేదు.

ఆ తర్వాత మా ఆయన మీద అనుమానం వచ్చింది. షిఫ్టులు చేసే మనిషి. ఏ వేళకు వచ్చినా చేపలు వచ్చి గాజు దగ్గర తోకలాడిస్తాయి. జాలిపడి మేత వేస్తున్నాడేమో!

“నిజం చెప్పు. నువ్వు ఎక్కువ ఏత్తన్నావు కదూ?”

“అరే, మైనే కుఛ్ నహీ డాలా! నానేటీ ఎయ్యనేదు. డబ్బా నీ అల్మారాలో ఉంది, తాళం నీ కాడ ఉంది. నన్నంటావేటి?”

అదీ నిజమే. మేత డబ్బా నా దగ్గరే ఉంది. అనుమానించినందుకు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు.

చివరికి గ్రూపులో అందరూ ఒప్పుకున్న వైద్యం ఒకటుంది. మూడు రోజులు తొట్టెను పూర్తిగా చీకట్లో ఉంచాలి. వెలుతురు లేక గడ్డి చస్తుంది, మిగతావి ఓర్చుకుంటాయి. నల్ల దుప్పటి తెచ్చి తొట్టె చుట్టూ కప్పి, తాడుతో కట్టేశాను. సరిగ్గా ఆ మూడు రోజులూ మా అత్తగారు అన్నం ముట్టలేదు. వంట బాగోలేదేమోనని చేపల పులుసు పెట్టాను. జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశాను. మళ్లీ మొదటికొచ్చిందని భయపడి మా ఆయన డాక్టరుకు చూపించడానికి నంబరు కూడా రాయించాడు. నాలుగో రోజు దుప్పటి తీశాను. గడ్డి పలచబడింది. ఆ మధ్యాహ్నమే ఆవిడ శుభ్రంగా తినేసింది, డాక్టరు అవసరం రాలేదు. రెండు వారాలకు గడ్డి మళ్లీ ఎప్పట్లాగే వచ్చింది. ఈ రెండు విషయాల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని, రోజూ పట్టికలు గీసే నాకు తట్టలేదు.

గడ్డి చివరికి బొత్తాల మీదికి పాకింది. అవి విచ్చుకోవడం మానేశాయి. సగం అప్పటికే కరిగిపోయాయి. ఒళ్లో పెట్టుకుని తెచ్చినవి కళ్ల ముందు పోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే చిర్రెత్తుకొచ్చింది. ఒక ఆదివారం ఉదయం తొట్టె మూత చుట్టూ ప్యాకింగ్ టేపు వేసేశాను. నేను తప్ప ఇంకెవరూ దీన్ని తెరవడానికి వీల్లేదు, ఏం జరుగుతుందో చూద్దాం అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం మా ఆయన డ్యూటీకి వెళ్లాడు. అత్తగారికి కంచం పెట్టి, అప్పడాలు వేయించి తెచ్చేసరికి ఆవిడ కంచాన్ని పక్కకు జరిపేసి కూర్చుని ఉంది.

“అత్తయ్యా, తినలేదేటి?”

“ఆకలి నేదమ్మా.”

“పొద్దున్న బాగానే ఉన్నారు కదా!”

ఆవిడ నాకేసి చూడలేదు. తొట్టె మూతకేసి చూస్తోంది. “దానికేటి అంటించినావు?”

“టేపు. ఎవరూ తియ్యకుండా. ఎవరో ఇందులో ఏదో ఏత్తన్నారు, దాంతో ఈ గడ్డంతా పుడుతుంది.”

“ఎవరో కాదమ్మా. నానే.”

అంటూ కంచం పక్కనున్న స్టీలు డబ్బా మూత తీసి చూపించింది. ఎండురొయ్యల పొడి. మా ఇంట్లో ఆ వాసన ఎప్పుడూ ఉండేదే కాబట్టి తొట్టె దగ్గర ఆ వాసన వచ్చినా నా ముక్కు పట్టించుకోలేదు.

“రోజూ ఏత్తన్నారా?”

“తిన్నప్పుడల్లా. ముందు ఆటికి సిటికెడు, తరవాత నాకు. నాను ముద్ద కలిపేసరికి రెండూ అద్దం కాడికొచ్చేసి నా నోట్లోకే సూత్తాయి. సూసే కళ్లకి పెట్టకుండా తింతే ఆ తిండి ఒంటబడతాదేటి?”

“మరి నేను దుప్పటి కప్పినప్పుడు?”

“ఆట్ని సీకట్లో ఎట్టి పస్తులుంచినావు. పక్కన జీవాలు పస్తులుంటే నాకు ముద్ద దిగుద్దా?”

నాకప్పుడు లెక్కంతా ఒక్కసారిగా తెలిసింది. చేపలు తినగా మిగిలిన పొడి రాళ్ల సందుల్లోకి పోయి కుళ్లుతోంది. అందులోంచి వచ్చిన ఫాస్ఫేటును నా సీసాలోకి అందేలోపే గడ్డి తాగేస్తోంది. నీళ్లలో ఎక్కడ కనపడుతుంది? అంతా గడ్డిలోనే ఉంది. ఇన్ని నెలల తలనొప్పికి జవాబు దొరికినందుకు ఎగిరి గంతెయ్యాలి. ఎగరలేదు. కోపం వచ్చింది, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఆవిడ ప్రాణం నిలబడింది ఫ్యానుతో కాదు, టానిక్కుతో కాదు. ఆ రెండు చేపలు చూస్తుండబట్టి.

టేపు తీస్తే మిగిలిన బొత్తాలు కూడా పోతాయి. తియ్యకపోతే ఆవిడ తినదు. ఆవిడ ముందే నేను కొంచెం మేత వేస్తానన్నాను. “నువ్వెడితే నానెట్టినట్టా?” అంది. కుర్చీ అటు తిప్పి గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. “నాను సూడకపోతే అయి సూడవేటి?” అంది. ఆవిడ చెప్పేది తర్కమో కాదో కూడా నాకు అర్థం కాలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, అప్పడాల పళ్లెం ఇంకో చేత్తో పట్టుకుని, ఏం చేస్తుందా అని ఆవిణ్నే చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ కంచం దగ్గరికి లాక్కుంది. అన్నంలో పొడి వేసి కలిపింది. చిన్న ముద్ద చేసి చేపలకేసి చూసింది. టేపుకేసి చూసింది. తర్వాత తలెత్తి నాకేసి చూసింది.

“నువ్వూ సూత్తన్నావు కదా,” అంది. “రా. ముందు నువ్వు తిను.”

వంగి ఆవిడ చేతిలోంచే తిన్నాను. ఎండురొయ్యల కారానికి కళ్లలో నీళ్లొచ్చాయి. ఒక్క కారం వల్లేనని చెప్పలేను. రెండో ముద్ద ఆవిడ తన నోట్లో పెట్టుకుంది. మూడోది మళ్లీ నాకు. నేను అప్పడాల పళ్లెం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. చేపలు గాజు దగ్గరే నిలబడి ఉన్నాయి. ఆవిడ వాటికేసి తిరిగి, “మీకు మా కోడలు తరవాతెడతాది లెండి,” అని సర్దిచెప్పింది.

ఇప్పుడు గడ్డి తగ్గింది. పొడి ఆగిపోవడం వల్లనా, నత్తలు ఎట్టకేలకు పని మొదలుపెట్టడం వల్లనా అంటే ఒట్టేసి చెప్పలేను. మిగిలిన బొత్తాలు మధ్యాహ్నం పూట విచ్చుకుంటున్నాయి. మూతకు టేపు తీసేశాను. డబ్బా ఇంకా కంచం పక్కనే ఉంది. పండగలకూ పబ్బాలకూ అందులోంచి చిటికెడు తొట్టెలో పడుతూనే ఉందని నాకు తెలుసు, అడగను.

ల్యాబులో పని తెమలక ఒక్కోరోజు బాగా ఆలస్యమవుతుంది. మాంగోకొచ్చే వంతెన మీద ఆటోల మధ్య ఇరుక్కుని, ఆవిడకు కంచం పెట్టి వెళ్లాను కదా, మా ఆయన ఇంట్లో లేకపోయినా ఈపాటికి తినేసి ఉంటుందిలే అనుకుంటూ ఇంటికొస్తాను. తలుపు తీసేసరికి ఫ్యాను కింద కూర్చుని ఉంటుంది. కంచం మీద మూత పెట్టినట్టే ఉంటుంది, ఎదురుగా నా కుర్చీ లాగి ఉంటుంది. మామగారి కోసం యార్డువైపు చెవి పెట్టుకుని కూర్చున్న మనిషి, ఇప్పుడు మా మెట్ల మీద చప్పుడుకు తలెత్తుతుంది. సంతోషించాలో, అయ్యో అనుకోవాలో నాకు ఇవాళ్టికీ తేలలేదు.

“డ్యూటీ దిగినావా? బేగి కూకో,” అంటుంది. “ఆకలేత్తంది.”

నేను బ్యాగయినా దించకుండా కూర్చుంటాను.