ఆంటీ అని పిలవమన్న నెల

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనుకుంటాను. నోటరీ వేసిన ముద్రని కూడా గోటితో గీకి చూస్తాను. అలాంటి నేను, ఒక పదేళ్ళ పిల్లకి నన్ను సంరక్షకురాలిగా నియమించమని ఢిల్లీలోని సాకేత్ కోర్టులో అర్జీ పెట్టుకునేసరికి, అందరూ నన్నే అనుమానించడం మొదలుపెట్టారు.

ఆ పిల్ల నాకు చుట్టం కాదు. సివిల్స్ కోచింగ్ రోజుల్లో దాని తల్లీ నేనూ కరోల్ బాగ్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇద్దరం పరీక్ష తప్పి, ఇక్కడే ఉద్యోగాలు వెతుక్కుని, పక్కపక్క ఫ్లాట్లలో స్థిరపడ్డాం. ఆమె భర్త పిల్లకి ఏడాది నిండకుండానే పోయాడు. పోయిన వానాకాలం నాలుగు రోజుల జ్వరంతో ఆమె కూడా పోయింది. పిల్లకి మాటలు వచ్చినప్పటినుంచీ నేను పిన్నిని. మనవాళ్ళలో అమ్మ స్నేహితురాలు పిన్ని కాక ఇంకేమవుతుంది? ఆ అలవాటులోనే బడి ఫారంలో నా పేరుకెదురుగా 'తల్లి చెల్లెలు' అని రాసేశాను.

లాయరమ్మ ఆ కాగితం చూసి కళ్ళద్దాలు తీసేసింది.

"అరే దీదీ, స్కూల్లో మౌసీ అన్నారు, కోర్టులో ఏ రిష్తా లేదన్నారు. జడ్జ్ సాబ్ ఏది నమ్మాలి?"

పిల్ల కోసం దొంగ చుట్టరికం కల్పించానని తేలితే దాన్ని నా దగ్గర ఉండనివ్వరు. తప్పు ఒప్పుకుంటూ అఫిడవిట్ వేశాం. ఇంటికి రాగానే పిల్లని కూర్చోబెట్టాను.

"ఇకనుంచి నన్ను ఆంటీ అనాలి. ఇంట్లో కూడా. లేకపోతే కోర్టులో నోరు జారతావు."

"లేకిన్ క్యోం?" అంది. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబులు మాత్రం హిందీలోనే.

"నిన్ను తీసుకుపోకుండా ఉండాలంటే."

ఆ నెలంతా పిన్ని అని నోరు జారినప్పుడల్లా నేను కళ్ళెర్రజేసేదాన్ని, అది వెంటనే "సారీ ఆంటీ" అని దిద్దుకునేది.

దగ్గరి బంధువులకి కోర్టు నోటీసు పంపుతుంది. అది అందుకుని రాజమండ్రి నుంచి పిల్ల మేనమామ దిగాడు. ఆయన వద్దంటే పిల్ల ఆయన వెంట వెళ్ళిపోయినట్టే. పూతరేకుల డబ్బా తెచ్చాడు. నాకు ఆ డబ్బా మీదా అనుమానమే. పిల్ల గది కిటికీ గడియ వేసి, తీసి చూశాడు. దాని మంచం, బల్ల, వంటిల్లు, ఆఖరికి బాల్కనీ కూడా ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. నా మీద సాక్ష్యం పోగేస్తున్నాడనుకున్నాను. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ ఫోను మీదకి చెయ్యి కూడా వెళ్ళింది. సిగ్గేసి వెనక్కి తీసుకున్నాను.

వాయిదా రోజు ఆయన జడ్జి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హిందీ రాదు. నేను అనువదిస్తానని లేచాను. మీరు కాదు, కూర్చోండి అన్నారు జడ్జి. హాల్లో ఉన్న ఒక తెలుగు లాయరు అనువదించడానికి ముందుకొచ్చాడు. మేనమామ మొదలుపెట్టాడు.

"ఈవిడ మా చెల్లితో మా ఇంటికొచ్చినప్పుడల్లా మా అమ్మ ఇద్దరికీ ఒకేలాంటి చీరలు పెట్టేదండి. ఇప్పుడు మా అమ్మ మంచం దిగలేదండి. పాప ఎక్కడ పడుకుంటుందో, ఏం తింటుందో అని ఒకటే బెంగండి. అందుకే ఇల్లంతా ఫొటోలు తీసుకున్నానండి. పాపని ఇక్కడే ఉంచండి."

నేను తల ఎత్తలేకపోయాను.

తర్వాత జడ్జి పిల్లని ఒక్కదాన్నే లోపలికి పిలిపించి మాట్లాడారు. ఏం అడిగారో, అదేం చెప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు. పై నెలలో ఆర్డరు వచ్చింది. పిల్ల నా దగ్గరే ఉంటుంది. కోర్టు మెట్లు దిగుతూ ఏడ్చేశాను.

"ఇంక ఆంటీ వద్దు. పిన్ని అనవే," అన్నాను.

"ఠీక్ హై, ఆంటీ."

అలవాటు పోలేదనుకున్నాను. వారం గడిచింది. అన్నం పెడితే ఆంటీ, జడ వేస్తే ఆంటీ. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఫిర్ సే తారీఖ్ పడ్ గయీ తో?" అంది, చాలా మామూలుగా.

మళ్ళీ వాయిదా ఏదీ లేదని, అంతా అయిపోయిందని చెప్పి, బీరువాలోంచి ఆర్డరు తీసి దాని చేతిలో పెట్టాను. రెండు పేజీలూ ఓపిగ్గా తిప్పింది. చివర ఉన్న కోర్టు ముద్రని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, గోటితో గీకి చూసింది.