కీబోర్డ్ వెనక్కి పోయిన బటన్

అమెరికాలోని బెంటన్‌విల్‌లో కారు లేకుండా బతకడం ఎవరివల్లా కాదు. నేను బతికాను, ఎందుకంటే మా రూమ్మేట్‌కి కారుంది. ఆమెది వరంగల్, నాది తెనాలి. స్టోర్లకు సరుకు చేరవేసే ఒక కంపెనీలో ఇద్దరం కాంట్రాక్టర్లం. లారీ డ్రైవర్ సరుకు దింపాక ఎన్ని పెట్టెలు దిగాయో మా వెబ్‌సైట్‌లో కొట్టి సబ్మిట్ నొక్కాలి. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చేశాయి. మాకు రెండు సైట్లు ఉండేవి. కంప్యూటర్‌లో చూసేవాళ్లకు పెద్ద సైట్, అది మా టీమ్‌ది. ఫోన్‌లో చూసేవాళ్లకు చిన్న సైట్, అది ఆమె టీమ్‌ది. పొద్దున్నే ఒకే కారులో వెళ్లి, ఒకే పనిని రెండు అంతస్తుల్లో రెండుసార్లు చేసి, సాయంత్రం మళ్లీ అదే కారులో వచ్చేవాళ్లం.

మనిషి బంగారం, నోరు మాత్రం కాదు. నేను చేసిన ఏ పనినీ బాగుందని అన్న పాపాన పోలేదు. ఉప్మా జారైందనేది, కారు డోర్ ఊడొచ్చేలా వేస్తాననేది. నేనూ తక్కువ తినలేదు. ఆమె పార్కింగ్ చూసి మూడు కార్ల చోటు ఒక్కదానివే తింటావా అని అడిగేదాన్ని. అలా తిట్టుకుంటూనే హాయిగా ఉన్నాం.

ఒకరోజు మా మేనేజర్ నన్ను పిలిచి, రెండు సైట్లు ఎందుకు, ఏ స్క్రీన్‌కి తగ్గట్టు ఆ స్క్రీన్‌లో సర్దుకునే సైట్ ఒక్కటే చేసి చూపించు అంది. అప్పుడే ఎవరితోనూ అనొద్దని కూడా అంది. అది పనిచేస్తే చిన్న సైట్ అక్కర్లేదు, ఆమె టీమూ అక్కర్లేదు. ప్రాజెక్ట్ పోతే జీతం ఆగుతుంది, జీతం ఆగితే వీసా గాల్లో ఉంటుంది. ఆమె వీసా ఎక్స్‌టెన్షన్‌కి అప్పుడే అప్లై చేసి ఉంది.

నాకు కడుపులో మాట ఆగదు. ఆ సాయంత్రమే కారులో చెప్పేశాను.

“మాకు నిన్ననే తెలిసింది,” అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “నువ్వు కాకపోతే ఇంకొకలు చేస్తరు. చేస్తే మంచిగ చెయ్. నా పరువు తియ్యకు.”

“మధ్యలో నీ పరువేంటే?”

“నా రూమ్మేట్‌వి గదా.”

అనడమే కాదు, దగ్గరుండి నేర్పింది. నేను కంప్యూటర్‌లో బ్రౌజర్ మూల పట్టుకుని సన్నగా లాగి, చూడు ఎంత చక్కగా ఇమిడిందో అని మురిసిపోతుంటే, “సన్నగ చేస్తే ఫోన్ అయితదానే? చేతిల పట్టుకొని చూడు,” అనేది. పక్కపక్కన మూడు నిలువు వరుసలుగా ఉన్నవాటిని ఒకదానికింద ఒకటి పేర్చేటప్పుడు నేను కంపెనీ నోటీసులు పైన పెట్టాను. “డ్రైవర్ ఎండల నిలబడి నీ నోటీసులు చదువుతడా? పెట్టెలు పైకి తే,” అంది. బొటనవేలు ఎంతదాకా అందుతుందో, చేతికి గ్లవుజు ఉంటే బటన్ ఎంత పెద్దది కావాలో, అన్నీ ఆమె చెప్పినవే.

డెమో సోమవారం. ముందురోజు మధ్యాహ్నం నేను వంటింట్లో బెండకాయలు కోస్తున్నాను. ఆమె సోఫాలో కూర్చుని తన ఫోన్‌లో నా పేజీ తెరిచింది. నంబర్ కొట్టింది. బొటనవేలు ఆగిపోయింది. స్క్రీన్ పైకి నెట్టింది, కిందకి లాగింది, మళ్లీ ఆగింది. “ఎలా ఉందే?” అన్నాను. “బాగనే ఉంది,” అని ఫోన్ పక్కన పెట్టి, బట్టల బుట్ట తీసుకుని లాండ్రీకి వెళ్లిపోయింది.

ఈ మనిషి నా పనిని బాగుందని అనడమేమిటి? చేతులు కడుక్కుని నా ఫోన్‌లో చూశాను. సబ్మిట్ బటన్‌ని ఎప్పుడూ కనబడుతుందని స్క్రీన్ అడుగున అతికించాను. పెట్టెల సంఖ్య కొడదామని వేలు పెట్టగానే కీబోర్డ్ లేచి బటన్‌ని వెనక దాచేసింది. కంప్యూటర్‌లో కీబోర్డ్ లేవదు కాబట్టి నాకు కనబడలేదు. డెమోలో అలా జరిగి ఉంటే ఒకే సైట్ అన్న మాట అక్కడే అటకెక్కేది.

నాకు మండుకొచ్చింది. ఎవరిమీదో తెలియక ఇంకా మండింది. ఆమె స్థానంలో నేనుంటే చెప్పేదాన్నా? నోరు విప్పేదాన్ని కాదు, ఒట్టు. ఆమె లాండ్రీ నుంచి వచ్చాక అడగలేదు. సోమవారం ఆఫీసుకి చేరగానే బటన్‌ని పెట్టెల సంఖ్య కిందకి జరిపాను. డెమో బాగా జరిగింది.

కొన్ని వారాలకు చిన్న సైట్ మూసేశారు, ఆమె టీమ్‌ని పంపేశారు. ఆ తర్వాత రోజులు గుర్తుచేసుకోవాలంటే ఇప్పటికీ బాధే. ఆమె పొద్దస్తమానం ఇంటర్వ్యూ కాల్స్‌లో ఉండేది, నేను వేరేవాళ్ల కారులో ఆఫీసుకి పోయేదాన్ని, సాయంత్రం ఎదురుపడితే కూర గురించి మాట్లాడుకునేవాళ్లం. ఎట్టకేలకు జెర్సీ సిటీలో ప్రాజెక్ట్ దొరికింది. వెళ్లే ముందురోజు, నేను సూట్‌కేస్ మూత మీద కూర్చుంటే ఆమె జిప్పు లాగుతోంది.

“ఆ ఆదివారం సబ్మిట్ కీబోర్డ్ ఎనకకు పోయింది. చూసిన నేను,” అంది.

“నువ్వు చూడటం నేను చూశాను.”

“ఎరుకే. కత్తి చప్పుడు ఆగింది గదా.”

ఇంక ఆపుకోలేక అడిగేశాను. “మరి చెప్పలేదేం?”

“ఆ పూట నోరు రాలే. నా నౌకరి నా నోటితోనే పోగొట్టుకోవాల్నా అనిపిచ్చింది.” జిప్పు మూలదాకా లాగి నిలబడింది. “తెల్లారి కార్ల చెప్దామనే ఉండె. నోరు తెరిచిన. గప్పుడే నువ్వు రేడియో పెట్టినవ్.”

నిజమే, పెట్టాను. ఆమె ఏదో అనబోతోందని తెలిసే పెట్టాను. మళ్లీ బాగుందని అబద్ధం చెబుతుందేమోనని భయపడ్డాను తప్ప, నిజం చెబుతుందని నాకు తోచనేలేదు.