మంత్రికిచ్చిన చిల్లు గరిటె

నిన్న సంతలో ఉదయగిరి చెక్క గరిటె వాసన చూశాను. అచ్చం మా ఇంటి చెక్కపొట్టు వాసనే! కరువులో గంజి కేంద్రం తెరవడానికి మంత్రి వచ్చింది గుర్తుందా మీకు? ఆయన వడ్డించే గరిటె చెక్కింది మా నాన్నే, మేం అబ్బా అంటాం. అడుగున చిల్లు పెట్టి, మైనంతో మూశాడు. వేడి గంజిలో ముంచగానే మైనం కరిగి, గంజంతా కారిపోయింది.

"ఏందయ్యా ఇది?" అన్నాడు మంత్రి.

"మీరు పంపేది మా దాకా ఇట్లనే వస్తా ఉండాది సార్!" అన్నాడు అబ్బా.

ఊరంతా నవ్వింది. వారంలోనే అబ్బాకు అడవి చెక్కకిచ్చే పర్మిట్ రద్దయింది.

"నోరు మూసుకోని ఉండలేవా?" అని అమ్మ ఏడ్చింది.

"చింతకొమ్మలు చెక్కుకుంటాలే" అన్నాడు అబ్బా. అవే చెక్కి మమ్మల్ని సాకాడు.

ఆ గరిటె మా గోడకే ఉంది. ఓటడగడానికి ఎవరొచ్చినా ముందు దాన్నే చేతికిస్తాను.