తీతువు గుడ్లు

పోయిన మార్చిలో తంబళ్లపల్లె దగ్గర రాళ్ల బీడులో పక్షుల లెక్కింపుకు వలంటీరుగా వెళ్లాను. అంతకుముందు మదనపల్లెలో రెండు శిక్షణ తరగతులకు వెళ్లి ఉన్నాను కాబట్టి, కొత్తగా చేరిన ఐదుగురికి నేనే దారి చూపుతున్నాను.

అక్కడ గొర్రెలు మేపుతున్న ఒక పెద్దావిడ కేకేసింది. "యాడికి పోతాండావప్పా? ఆడ తీతువు గుడ్లు పెట్టుండాది. కింద సూసి నడువు."

"మాకు తెలుసులేమ్మా, అన్నీ నేర్చుకునే వచ్చినాం" అన్నాను. కొత్తవాళ్లు నవ్వారు.

తలమీద అరుస్తూ తిరుగుతున్న తీతువును బైనాక్యులర్స్‌లో చూస్తూ రెండడుగులు వెనక్కి వేశాను. బూటు కింద ఏదో చిట్లింది. అచ్చం గులకరాళ్లలాగే ఉన్న నాలుగు గుడ్లలో రెండు పగిలిపోయాయి.

పెద్దావిడ పరుగున వచ్చింది. తిడుతుందనుకున్నాను. "దూరం రాండప్పా. మీరుంటే తల్లి దిగదు. మిగిలినవన్నా దక్కనీ" అంది, అంతే. నాతో వచ్చినవాళ్లెవరూ నా ముఖంలోకి చూడలేదు.

సాయంత్రం లెక్కింపు ఫారంలో 'గూడు ఒకటి, గుడ్లు రెండు' అని రాశాను. నిజం రాయడానికి చెయ్యి రాలేదు. కాలు పడడం పొరపాటే అనుకున్నా, ఆవిడ మాటను తీసిపారేసిందీ, తర్వాత నిజం దాచిందీ నేనే కదా. సిగ్గుపడుతూనే ఇప్పుడు చెబుతున్నాను. ఆ గూట్లో నాలుగు గుడ్లు ఉండేవి.