వెచ్చబడేదాకా

మొన్న పటమటలో కొత్తగా తెరిచిన కాఫీ హోటల్లో అలంకారానికి పెట్టిన పాత వాల్వు రేడియో ఒకటి కనబడితే, కొనే ఉద్దేశం లేకపోయినా ధర అడగకుండా ఉండలేని అలవాటు కొద్దీ అక్కడి కుర్రాణ్ణి అడిగేసి, యజమాని వచ్చేలోగా వెనక అట్ట సందులోంచి తొంగి చూశాను. లోపల ఏమీ లేదు, వట్టి డొల్ల.

మా బట్టల కొట్లో గల్లాపెట్టె పక్కన అచ్చం అలాంటిదే ఉండేది. ఎవరైనా బేరం మొదలెడితే నాన్న దాని నాబ్ తిప్పి, లోపలి గాజు వాల్వులు వెచ్చబడి గొంతు వచ్చేదాకా పెదవి విప్పేవారు కాదు. ఆ కాస్త నిశ్శబ్దానికే వచ్చినవాళ్లు తమంతట తామే ధరలో ఓ మెట్టు పైకి వచ్చేవారు. ఆ విద్య నాకు అబ్బలేదు. నాది నోటి బేరం.

తొంభైల చివర్లో చూపు మందగించి నాన్న కొట్టు మానేశారు. టీవీ ఎలాగూ కనబడదు, ఆ రేడియోనే కావాలన్నారు. అదేమో ఏళ్ల తరబడి మూగబోయి ఉంది. మెకానిక్కు ఒకడొచ్చి ఎలుకలు కొరికిన తీగలూ, ఉబ్బిన కండెన్సర్లూ మార్చాడు గానీ, పోయిన వాల్వు ఒకటి మాత్రం ఎక్కడా దొరకలేదు.

"లోపల ట్రాన్సిస్టర్ బోర్డు పెట్టేస్తానండీ, తిప్పగానే మాట్లాడుద్ది" అన్నాడు.

"తిప్పగానే మాట్లాడేదాన్ని ఎట్లా నమ్మమంటావయ్యా? ఇంట్లో ఒకడున్నాడు, చాలు" అన్నారు నాన్న, నా వైపు తల తిప్పి.

కంకిపాడులో ఒక మామ్మగారింట అదే రకం రేడియో మూలపడి ఉందనీ, దాని వాల్వు బాగుండవచ్చుననీ మెకానిక్కే చెప్పాడు. వెళ్లాను. కొనదలచిన సరుకును ముందు తీసిపారెయ్యాలన్నది మా బట్టల కొట్ల వీధి నీతి కదా. చెదపట్టిందనీ, పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడనీ మొదలెట్టాను. మామ్మగారు చీర చెంగుతో దాని మీది దుమ్ము తుడిచి, "అంత పనికిమాలినదాని కోసం బెజవాడ నుంచి బస్సెక్కి వచ్చావా నాయనా? మజ్జిగ తాగి వెళ్లు" అన్నారు. ఆవిడ భర్త పోయేదాకా తలగడ పక్కన పెట్టుకున్న రేడియో అదేనని, మజ్జిగ సగం తాగాక తెలిసింది. ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

ఆ వారంలోనే నాన్న నా భుజం పట్టుకుని తనే కంకిపాడు వచ్చారు. పెట్టెను రెండు చేతులా తడిమి, "ఎంత బాగా చూసుకున్నారమ్మా" అని ఊరుకున్నారు. నాకు నోరు దురదపెడుతుంటే నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కారు. చాలాసేపటికి మామ్మగారే, "లోపలిది తీసుకెళ్లండి అన్నయ్యగారూ, పెట్టె మాత్రం నాకుండనివ్వండి" అన్నారు. నేను డబ్బు మాట ఎత్తితే ఇద్దరూ ఒకేసారి కసిరారు.

ఆ సాయంత్రం వాల్వు బిగించి నాబ్ తిప్పాక, ముందు సన్నటి గుర్రుమనే మోత, కాలిన దుమ్ము వాసన, ఆ తరవాత నూతిలోంచి పైకి తోడుతున్నట్టు మెల్లగా మనిషి గొంతు. అది వచ్చేదాకా నాన్న చెయ్యి నా మోకాలి మీదే ఉంది.

ఇప్పుడు నాన్నా లేరు, ఆగే తీరికా ఎవరికీ లేదు. ఫోను తాకితే చాలు పాట వస్తుంది, సుఖంగానే ఉంది, కాదనను. కానీ మొన్న హోటల్ యజమాని వచ్చి ధర చెప్పాక నేను చాలాసేపు నోరు మెదపలేదు. బేరమాడుతున్నాననుకుని పాపం, అతను తనంతట తానే తగ్గించుకుంటూ వచ్చాడు. డొల్ల అని తెలిసీ, నేను అది వెచ్చబడేదాకా ఆగుతూ ఉండిపోయాను.