రెండో చెవి

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందుగా చెప్పాలి. "అట్ట లోపలి పేజీ" అనే పాడ్‌కాస్ట్‌లో పేరు చెప్పకుండా మాట్లాడే అమ్మాయిని నేనే. మా అమ్మకు కూడా తెలియదు. గదిలో తలుపేసుకుని ఫోన్లో స్నేహితురాలితో కబుర్లు చెప్పుకుంటున్నాననే అనుకునేది.

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, వేసవిలో, రాజమండ్రిలోని ఒక చిన్న వెబ్ పత్రికలో ట్రెయినీ సబ్ ఎడిటర్‌గా చేరాను. దేవీచౌక్ దగ్గర ఒక మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు. మా ఇల్లు సామర్లకోటలో, స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో. రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చి వెళ్ళేదాన్ని. పత్రిక మూతపడేనాటికి నా హోదాలోంచి ట్రెయినీ అన్న మాట పోయింది. మా పనిలో సైటు ఆగిపోతే అందరూ ఒకేసారి రిటైరవుతారు, వయసుతో నిమిత్తం లేదు. అలా నేను ముప్పై నిండకుండానే రిటైరయ్యాను. ఇప్పుడు వేరే పనిలో ఉన్నాను, కానీ ఉద్యోగం అనగానే గుర్తొచ్చేది ఆ మేడ మీది గదులే.

నాకు అప్పగించిన పని పేరు "శనివారం సంచి". వారమంతా ఇంటర్నెట్‌లో వచ్చినవాటిలోంచి చదవదగ్గవి, వినదగ్గవి ఏరి, ఒక్కోదానికి నాలుగైదు వాక్యాల పరిచయం రాసి, లింకులతో సహా శనివారం సాయంత్రం పాఠకుల ఈమెయిలుకూ వాట్సాప్‌కూ పంపేవాళ్ళం. పరిచయంలో అది ఎంతసేపు పడుతుందో, ఏ పని చేసుకుంటూ వినొచ్చో చెప్పడం తప్పనిసరి. చిక్కుళ్ళు ఒలుచుకుంటూ వినేది వేరు, కళ్ళు మూసుకుని వినేది వేరు.

చివర "ఊరికే" అని ఒక చిన్న శీర్షిక ఉండేది. పాలకొల్లు నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు ఫోన్ చేసి, మనవడు పంపిన బొమ్మకు నవ్వాలో కోప్పడాలో తెలియడం లేదమ్మా అని అడిగారు. అప్పటినుంచి, ఆ వారం ఫోన్లలో తిరుగుతున్న మీమ్ ఒకటి తీసుకుని, అది ఎక్కడ పుట్టిందో, జనం ఎందుకు నవ్వుతున్నారో విడమరిచి రాసేదాన్ని. నవ్వును విడమరిస్తే నవ్వు పోతుందంటారు. మా పాఠకులకు మాత్రం అప్పుడే మొదలయ్యేది.

డెస్క్ ఇన్‌ఛార్జి సామ్యూల్ గారు. దినపత్రిక డెస్కులో చాలాకాలం పనిచేసి, అక్కడ రిటైరై, మాకోసం మళ్ళీ కుర్చీలో కూర్చున్న మనిషి. ఆదివారాలు లూథరన్ చర్చి క్వయర్‌లో పాడేవారు. వెనక వరసలో ఎవరి శ్రుతి తప్పిందో తల తిప్పకుండానే చెప్పేవారని ప్రతీతి. సంచికి నియమాలు పెట్టింది ఆయనే. ఏదైనా ఒకరు ప్రతిపాదించాలి. దాన్ని అంతకుముందు ఎరగని ఇంకొకరు మొదటినుంచి చివరిదాకా విని నోట్ రాయాలి. ఆ ఇంకొకరిని రెండో చెవి అనేవాళ్ళం. చదివేవాటికైనా అదే పేరు. వేగం పెంచి వినకూడదు. తొందరగా తిప్పితే మాటలు వినపడతాయిగానీ మనిషి ఊపిరి వినపడదని ఆయన వాదన.

ఇంకో నియమం, ఆఫీసువాళ్ళదీ వాళ్ళ బంధువులదీ ఏదీ సంచిలోకి రాకూడదు. దీని వెనక ఒక కథ ఉంది. నేను చేరకముందు ఆఫీసులో ఒకాయన తన బావమరిది వంటల ఛానల్‌ను ఆకాశానికెత్తి రాశాడట. పాఠకులు చూసి, పచ్చళ్ళ ఆర్డర్లకు ఆఫీసు నంబరుకు ఫోన్లు చేశారట. సామ్యూల్ గారు కొన్నాళ్ళు ఆవకాయ ధరలు చెప్పాల్సి వచ్చింది.

ఏ వారానికీ కుదరక, అలాగని తీసెయ్యలేక పక్కన పెట్టినవాటిని హోల్డ్ అనేవాళ్ళం. తెలుగు పత్రికల్లో పాతమాటే.

నేను చేరిన మరుసటి ఏడాది వానాకాలంలో, ఒక బుధవారం మీటింగ్‌లో జరిగింది ఇప్పుడు చెప్పబోయేది. ఆ వారానికి అనుకున్న పాడ్‌కాస్ట్‌ను తయారుచేసినవాళ్ళే తీసేశారు. వినదగ్గవాటిలో ఒక ఖాళీ మిగిలింది. సీనియర్ సబ్ ఎడిటర్ లావణ్యగారు, ఆఫీసులో మా అందరి తరఫునా మాట్లాడే మనిషి, తన దగ్గర ఒకటుందన్నారు.

"చిన్నది సార్. ఎవరో అమ్మాయి. పాత పుస్తకాలు కొనుక్కుని, వాటి అట్ట లోపల జనం ఏం రాసుకున్నారో చదివి చెప్తుంది, అంతే. కానీ వదలబుద్ధి కాదు. వెనకాల ఎవరో ఆవిడ అంకెలు చెప్తుంటుంది. ఒకటి అంటుంది, కాసేపటికి రెండు అంటుంది. ఎందుకో తెలీదు. నాకైతే ఆవిడే హీరోయిన్."

అందరూ నవ్వారు. నేను నా పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాను.

ఆ ఆవిడ మా అమ్మ. పొయ్యి మీద కుక్కర్ ఉంటే, ఇంట్లో ఏ మూలనున్నా విజిల్ విజిల్‌కీ పైకి లెక్కపెడుతుంది. మనసులో అనుకున్నది లెక్కలోకి రాదని ఆమె నమ్మకం. అమ్మ వంటింట్లో ఉన్నంతసేపూ నా తలుపు తట్టదు కనక నేను ఆ సమయంలోనే రికార్డు చేసేదాన్ని. కోటగుమ్మం దగ్గర పాత పుస్తకాల కొట్టులో కొన్నవాటి అట్టలు తెరిచి, "చిరంజీవి సుగుణకు, పాటల పోటీలో మొదటి బహుమతి" అని నీలం సిరాతో రాసింది చదివి, ఆ సుగుణ ఏ పాట పాడి ఉంటుందో ఆలోచించేదాన్ని. ఒక నవల మార్జిన్‌లో ఎవరో పెన్సిల్‌తో "ఇది నేను నమ్మను" అని రాశారు. దాని మీదే ఒక భాగమంతా మాట్లాడాను.

రెండో చెవి ఎవరని సామ్యూల్ గారు అడిగారు. లావణ్యగారు నావైపు చూపించారు. వేరే ఎవరైనా వింటే బాగుంటుందేమోనని మెల్లగా అన్నాను.

"పుస్తకాల సంగతికి మీకంటే ఎవరున్నారండీ? నోరు విప్పరు గానీ, బ్యాగు విప్పితే రెండు పుస్తకాలుంటాయి" అన్నారు ఆవిడ. దాంతో అది నా పేరున పడింది.

ఆఫీసులో నేను మాట్లాడితే వాక్యం సగంలో ఆగిపోయేది. ఇంట్లో నా గదిలో ఫోను ముందు మాత్రం ఆగేది కాదు. వినేవాళ్ళలో నన్నెరిగినవాళ్ళు ఉన్నారని తెలిస్తే ఆ ఒక్క గొంతూ పోతుంది. ఇందులో నాకు అనుమానం లేదు. అది నాదేనండి అని చెప్పేస్తే నియమం ప్రకారం పక్కకు పోయేది, కానీ మరుసటి ఉదయానికి ఆఫీసంతా మా అమ్మ అంకెలు అప్పజెప్పేది. బాగుందని రాస్తే నియమం తప్పినట్టు. బాగాలేదని రాస్తే అబద్ధం. పైగా, సంచిలో నా పాడ్‌కాస్ట్ పేరు చూసుకోవాలని నాకు చాలా ఆశగా ఉంది. అది కూడా నిజమే.

సాయంత్రం రైల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పద్ధతి ప్రకారం మామూలు వేగంలో, మొదటినుంచి విన్నాను. కడియం దాటేదాకా నా గొంతు వినడానికి సిగ్గేసింది. ద్వారపూడి వచ్చేసరికి అది ఎవరిదోలా వినిపించసాగింది. అప్పుడు పని మొదలైంది. ఎత్తుగడ తొందరగా ఉంది. వాక్యాల చివర గొంతు కిందికి జారిపోతోంది. కానీ సుగుణ గురించి మాట్లాడినచోట ఆ అమ్మాయికి తాను మాట్లాడుతున్న సంగతే గుర్తులేదు. అక్కడ వెనకనుంచి అమ్మ "మూడు" అంది. అనపర్తిలో ఎక్కినావిడ నన్ను చూసి ఎందుకు నవ్వుతున్నావమ్మా అని అడిగింది.

నోట్‌లో ఒక్క అబద్ధం కూడా ఉండకూడదని నిర్ణయించుకుని రాశాను. లోపాలన్నీ రాశాను. బాగున్నచోట్లు రెండే రాశాను. చివర ఇలా రాశాను: "ఈ వారం వద్దు. ఈ అమ్మాయి ఎవరూ వినడం లేదనే ధైర్యంతో మాట్లాడుతోంది. ఒక్కసారిగా జనం వస్తే ఆపేస్తుంది."

శుక్రవారం మీటింగ్‌లో లావణ్యగారు ఆ నోట్ పైకి చదివారు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఇదేం లెక్కండీ? బాగుంది కాబట్టి వద్దంటారా? ఆ పిల్ల మీకేం ద్రోహం చేసింది?"

 సామ్యూల్ గారు నోట్ తీసుకుని కళ్ళజోడు సర్దుకుని తనకు తాను చదువుకున్నారు. ఆపేస్తుందని మీకెలా తెలుసమ్మా అని అడిగారు.

"గొంతులో తెలుస్తుందండి" అన్నాను. ఆ వాక్యం సగంలో ఆగలేదు.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, నోట్ మీద హోల్డ్ అని రాశారు. ఖాళీని నింపడానికి ఆ వారం "ఊరికే" శీర్షికను పెంచమన్నారు. రేవులో పంటు పడవ దిగనని మొండికేసిన ఒక మేక ఫొటో అప్పట్లో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. దాని కింద సోమవారం ఆఫీసుకు వెళ్తున్న నేను అని ఒకరు, అత్తారింటికి వెళ్తున్న మా ఆయన అని ఒకరు రాసుకుంటున్నారు. దాని మీద పేజీ నిండా రాశాను. పాలకొల్లు టీచరుగారు ఫోన్ చేసి, ఆ మేక నేనేనమ్మా అన్నారు. నా పాడ్‌కాస్ట్‌ను అంతకుముందు వినే కొద్దిమందే తర్వాతా విన్నారు. నేను రికార్డు చేస్తూనే ఉన్నాను.

కొన్ని నెలల తర్వాత, ఇంటినుంచి పనిచేస్తున్న ఒక శనివారం, లింకు ఒకటి తెరుచుకోవడం లేదని సామ్యూల్ గారు ఫోన్ చేశారు. మాట మధ్యలో వంటింట్లోంచి అమ్మ గట్టిగా "నాలుగు" అంది. అటువైపు ఆయన వాక్యం సగంలో ఆగింది. తర్వాత ఆయన లింకు సంగతే కొనసాగించారు. నేను సరిచేసి పంపాను.

పత్రిక ఆపేస్తున్నామని యాజమాన్యం చెప్పిన వారం, చివరి సంచిలో హోల్డ్‌లో ఉన్నవన్నీ పెట్టేద్దామని లావణ్యగారు అన్నారు. డెస్కుల్లో అది ఆనవాయితీ. మూసేముందు హోల్డ్ ఖాళీ చేస్తారు. ఒక్కొక్కటీ తీసి చదువుతూ, అట్ట లోపలి పేజీ దగ్గర ఆగారు. ఇప్పుడైనా పెడదాం సార్, ఇక మనల్ని అడిగేదెవరని నవ్వారు.

సామ్యూల్ గారు అది వద్దన్నారు. చివరి రోజైనా నియమం నియమమేనన్నారు.

"ఏ నియమం సార్?"

ఆయన తర్వాతది తియ్యమన్నారు. నేను తలొంచుకుని లింకులు సరిచూస్తూ కూర్చున్నాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. మంచిదాన్ని గుర్తుపట్టడం సిఫార్సులో సగం పనే. దాన్ని ఎప్పుడు, ఎంతమంది ముందు పెట్టాలో తేల్చుకోవడం మిగతా సగం. రెండోది తెలియనివాళ్ళు మొదటిదాన్ని పాడుచేస్తారు. ఇప్పటికీ ఎవరికైనా ఏదైనా పంపేముందు, అది ఎవరి గొంతో, వాళ్ళు ఎంతమందిని తట్టుకోగలరో ఆలోచిస్తాను.

ఆ చివరి రోజు సాయంత్రం ఆఫీసు మెట్ల దగ్గర సామ్యూల్ గారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. నేను నమస్కారం పెట్టాను. ఆయన రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి ఒక మాటన్నారు. ఆ తర్వాత ఫోన్ చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నా నాకు ధైర్యం చాలలేదు. కనక ఆయన నాతో అన్న చివరి మాట ఇప్పటికీ అదే.

"లెక్కపెట్టడం మానొద్దని అమ్మగారితో చెప్పండమ్మా."