అమ్మ మెడ కోసం తెచ్చిన జీపు

మా ఇంటికి జీపు రావడానికి కారణం అమ్మ మెడ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత జరిగిన సంబురంలో ఈ సంగతి గుర్తున్నవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

ఎనభైల చివరి ముచ్చట ఇది. నల్లగొండకు కాస్త దూరంలో మా ఊరు. ఊరి పక్కన మాకున్న మడి కొంచెమే, అసలు భూమి గుట్టకు అవతలనున్న ఎర్ర చెలక, వానకు పండే మెట్ట. ఆముదాలు, పల్లికాయ, కందులు, ఏది పండినా అక్కడే. అక్కడికి పోవాలంటే గుట్ట నడుము మీద పరుచుకున్న పెద్ద బండ ఎక్కి దిగాలి. ఎడ్లబండి ఆ బండ మీద నిలవదు. ఒకసారి జారి ఎద్దు కాలు విరిగాక, బాపు ఆ దారిన బండి కట్టడమే మానేశాడు. మరి పెంట ఎరువు, విత్తనాలు, కోసిన పంట ఎట్లా చేరేవంటే, అమ్మ నెత్తి మీద. అంతకంటే మంచి బండి ఎక్కడ దొరుకుతుంది? డీజిల్ అడగదు, పంచరు కాదు, పొద్దుగూకాక ఇంటికొచ్చి వంట కూడా చేస్తుంది.

అట్లా నడుస్తున్న బండికి ఒక ఏడాది కుడిచేయి తిమ్మిరెక్కడం మొదలైంది. జొన్నరొట్టె కొడుతూ కొడుతూ మధ్యలో ఆగి, చేతిని దులుపుకునేది. బాపు నల్లగొండ దవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, మెడ ఎముకలు అరిగాయనీ, ఇంక నెత్తిన బరువు పెడితే చేయి పడిపోతుందనీ చెప్పాడు. బాపు భయపడ్డాడు. అమ్మ మీద ప్రేమ లేనివాడు కాదు, దాన్ని బయటపెట్టడం రానివాడు. బస్సులో వస్తూ "ఏదన్న మిషిని తెద్దాం" అన్నాడట.

"ఏదో ఒకటి తెండ్రి. నెత్తి మీది తట్ట దిగితే సాలు" అంది అమ్మ.

వాహనం ఎంపికలో అమ్మను అడగడం అంతటితో సంపూర్ణమైంది.

అక్కడి నుంచి వ్యవహారం పెద్దబాపు చేతికి పోయింది. పెద్దబాపంటే బాపుకు అన్న. భార్య పోయాక మాతోనే ఉండేవాడు. వయసులో పట్నంలో లారీ నడిపి వచ్చాడు కనుక, చక్రాలున్న ప్రతి వస్తువు మీదా మా ఊళ్లో ఆఖరి మాట ఆయనది. కుమ్మరి సారె గురించి కూడా ఆయనకు ఒక అభిప్రాయం ఉండేది.

అన్నదమ్ములిద్దరూ కాళ్లరిగేలా తిరిగారు. మొదట ట్రాక్టరు చూశారు. గుట్ట దారిలో రెండు పెద్ద రాతి గుండ్ల మధ్య సందు ఉంది, అందులో ట్రాక్టరు పట్టదని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా పోయి, చూసి, ఎక్కి కూర్చుని, దిగి, చాయ తాగి, "గా గుండ్ల నడుమ పట్టదు తమ్మీ" అని తేల్చుకుని వచ్చారు. తర్వాత సామాన్లు మోసే మూడు చక్రాల ఆటో చూశారు. దాన్ని బండ మీద తలుచుకుంటేనే బాపుకు కళ్లు తిరిగాయి.

ఆ తర్వాత చూసింది పవర్ టిల్లరు. రెండు పిడులు పట్టుకుని వెనక నడుస్తూ దున్నే చిన్న మిషను. దానికి చిన్న ట్రాలీ తగిలిస్తే, ముందు సీటు మీద కూర్చుని బరువు కూడా తోలుకోవచ్చు. చూపించడానికి వచ్చినాయన మా చెలక దాకా నడిపించి చూపాడు. నిదానంగా, గొణుక్కుంటూ, బండ ఎక్కింది, దిగింది. ఆ రోజు సెలవు కాబట్టి నేనూ ఉన్నాను. అమ్మ పక్కకు నిలబడి, దాన్ని పాలిచ్చే బర్రెను చూసినట్టు చూస్తోంది. అంతా బాగానే ఉంది. కానీ ఆ పెద్దమనిషి నోరు ఊరుకోలేదు.

"కష్టమేం లేదు పటేలా, ఆడోళ్లు గుడ నడుపొచ్చు" అన్నాడు.

అంతే. బేరం అక్కడే చచ్చింది. పెద్దబాపు మీసం మీదికి చేయి పోయింది.

"ఆడోళ్లు నడిపేదాన్ని మనం కొనుక్కపోతే మంది నవ్వరా?" అన్నాడు, మిషను చూపించినాయన పోయాక. "ఇగ దున్నేటప్పుడేమో ఎన్క నడువాలె. ఎద్దెన్క నడిస్తిమి, దీనెన్క గుడ నడిసుడేనా? గంత దానికి మిషిని ఎందుకురా తమ్మీ?"

బాపు తల ఊపాడు. అన్న మాటకు తల ఊపడం బాపుకు ఊపిరి తీయడం లాంటిది. అమ్మ లోపలికి పోయి పొయ్యి రాజేసింది.

చివరికి పట్నంలో పాత బండ్లు అమ్మే ఒక భాయ్ దగ్గర జీపు దొరికింది. మిలిట్రీవాళ్లు వాడి వదిలేసినదట. ఏ యుద్ధంలో వాడారో తెలియదు గానీ మనవైపు వాడి ఉండరని నా నమ్మకం.

"పెద్దసాబ్, నాలుగు చక్రాలూ గుంజుతయ్. గుట్ట గాదు, గోడ ఎక్కుతది. జర కూసోని సూడుండ్రి" అన్నాడట ఆ భాయ్.

పెద్దబాపు కూర్చున్నాడు. ఇక లేవలేదు. ఆ రోజు ఏమేం పరీక్షించారో బాపు తర్వాత గర్వంగా చెప్పేవాడు. హారన్ కొట్టి చూశారు. టైర్లను కాలితో తన్ని చూశారు. ముందు అద్దాన్ని బానెట్ మీదికి వంచి, ఎత్తి, మళ్లీ వంచి చూశారు. రేడియేటరులో నీళ్లు నిలుస్తాయా అని మాత్రం చూడలేదు, అది చిన్న విషయం కదా. హ్యాండ్‌బ్రేకు ఉంది. గుంజితే చేతిలోకి ఊడివచ్చేది.

పూజకు యాదగిరిగుట్టకు తీసుకుపోయారు. సలహాలిచ్చిన మగవాళ్లందరూ జీపులో ఎక్కారు, వాళ్లను కాదంటే బాగుండదు గదా. అమ్మకు జాగా లేకపోయింది. "దేవునికి ఈడికెల్లే దండం వెడ్త తియ్" అని నవ్వింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, బానెట్‌కు పసుపు కుంకుమ పడ్డాయి, ఊరంతా ప్రసాదం పంచారు. పెద్దబాపు కళ్లు నెత్తికెక్కాయి.

మొదటి పనిదినం. జీపు వెనక ట్రాలీ, ట్రాలీ నిండా పెంట. స్టీరింగ్ దగ్గర పెద్దబాపు, పక్కన బాపు. చెలకలో పెంట చల్లాల్సింది అమ్మ. "ఎక్కవే" అన్నాడు బాపు, కొంచెం పక్కకు జరిగి.

అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని అడుగు వెనక్కి వేసింది.

"బావ పక్కపొంటి నేనెట్ల కూసుంట?" అంది మెల్లగా.

అప్పుడు వెలిగింది అందరికీ. మా దిక్కు ఇంటి కోడలు భర్త అన్న ముందు కూర్చోదు. ఆయన వాకిట్లోకి వస్తే లేచి పక్కకు తప్పుకుంటుంది. ఆయనతో నేరుగా మాట్లాడదు, ఆయనా మాట్లాడడు. ఒకే ఇంట్లో ఉంటూ వాళ్లిద్దరి మధ్య మాటలన్నీ నా మీదుగానో బాపు మీదుగానో పోయేవి. "అన్నం పెట్టమను బిడ్డా" అని ఆయన, "కాళ్లు కడుక్కోమను" అని ఆమె. ఇన్ని బండ్లు చూశారే, ఇన్ని టైర్లు తన్నారే, ఈ జీపు నడపగలిగిన ఒకే ఒక్క మనిషి పక్కన అమ్మ కూర్చోకూడదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు!

"పోనీ ట్రాలీల ఎక్కు" అన్నాడు బాపు.

"ఏందయ్యా గా మాట? బావ నెత్తి కంటె మీద కూసుంటనా?"

పెద్దబాపు ఏమీ విననట్టు ముందుకు చూస్తూ కూర్చున్నాడు. మర్యాద అంటే అదే. జీపు కదిలింది. అమ్మ వెనకాల నడిచింది.

నడవడమే అయితే నేను ఇంత మండిపడేదాన్ని కాదు. బండ సగం ఎక్కేసరికి జీపు ముక్కులోంచి ఆవిరి లేచింది. నీళ్లు పోయాలి. చెలకలో బావి ఎండిపోయింది, దారిలో చుక్క నీరు లేదు. డబ్బా నింపి ట్రాలీలో పెడితే బండ ఎక్కే కుదుపుకు సగం ఒలికిపోయేది. కాబట్టి పెద్దబాపు ఒక ఉపాయం కనిపెట్టాడు. జీపు వెనక ఒకరు కడవతో నీళ్లు తీసుకురావాలి. ఒకరంటే ఎవరు? వెనక ఎట్లాగూ నడుస్తున్నది ఎవరు? ఇంకా ఉంది. హ్యాండ్‌బ్రేకు పనిచేయదు కనుక బండ మీద ఆగినప్పుడల్లా వెనక చక్రం కింద ఒకరు రాయి పెట్టాలి. ఆ ఒకరు కూడా ఆ ఒకరే.

నెత్తి మీది తట్ట దిగింది, కడవ ఎక్కింది. ముందు వయ్యారంగా జీపు, వెనక నీళ్ల కడవతో మా అమ్మ, చంకలో రాయి. ఊరోళ్లు దారిలో ఆగి చూసి "అన్నదమ్ములంటె మీరేనయ్యా, ఇంటిదాని కష్టం సూడలేక జీపు తెస్తిరి" అని మెచ్చుకునేవారు. బాపు సిగ్గుపడుతూ మురిసిపోయేవాడు.

సెలవుల్లో హాస్టలు నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా నేను కడవ అందుకోబోయేదాన్ని. "సదువుకునేదానివి, నీ మెడ గుడ పోగొట్టుకుంటవా?" అని లాక్కునేది. "బాపు జీపు నేర్చుకోవచ్చు గదా" అంటే, బాపు ఒకసారి ప్రయత్నించి ఆముదపు చేనును దున్నకుండానే దున్నాడట. ఆ తర్వాత పెద్దబాపు తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. రాత్రి రొట్టె కొట్టే సప్పుడు ఆగి ఆగి వినిపించేది. డాక్టరు మాట గుర్తుచేస్తే "గంపెడు బరువు మొయ్యద్దన్నడు గని, కడవెంత?" అనేది అమ్మ. అట్లా ఒక ఎండాకాలం గడిచింది, ఇంకొకటి వచ్చింది.

వానలకు ముందు పెంట తోలుతున్నారు. నేనూ వెంట ఉన్నాను. బండ మీద జీపు ఎప్పటిలాగే ఆవిరి కక్కి ఆగింది.

"రాయి పెట్టమను! నీళ్లు తెమ్మను!" అన్నాడు పెద్దబాపు, తల తిప్పకుండా, బ్రేకు తొక్కిపట్టి.

అమ్మ రాయి పెట్టడానికి వంగబోయింది. కడవ పట్టుకున్న కుడిచేయి ఉన్నట్టుండి జారిపోయింది. చేయి జారింది అంటున్నాను గానీ, పక్కన తడిబట్ట లాగా వేలాడింది. కడవ బండ మీద పడి పగిలింది. నేను ఉరికి చక్రం కింద రాయి తోశాను.

"ఏమైంది? నీళ్లేవీ?" అని ముందు నుంచి గొంతు.

నాకు ఒళ్లు మండిపోయింది. ట్రాలీ అంచు పట్టుకుని అరిచాను. "నీళ్లు లెవ్వు పెద్దబాపూ! అమ్మ చెయ్యి పడిపోయింది! గీ జీపు ఎవరి కోసం తెచ్చిండ్రు మీరు? చెప్పుండ్రి, ఎవరి కోసం?"

బాపు దిగి ఉరికొచ్చాడు. పెద్దబాపూ దిగాడు. అమ్మ బండ మీద నిలబడి, ఆ స్థితిలో కూడా ఎడమచేత్తో కొంగు నెత్తి మీదికి సర్దుకుంటూ, ఆయనకు దారి ఇవ్వడానికి పక్కకు జరుగుతోంది. వేలాడుతున్న చేతిని ఆయన చూశాడు.

"జీపెక్కు బిడ్డా" అన్నాడు.

నన్నే అనుకుని నేను కదిలాను.

"నిన్ను గాదు" అని నాతో అని, అమ్మ దిక్కు తిరిగాడు. "నిన్ను, తల్లీ. నా పక్కకే కూసో. ఏం గాదు."

అమ్మ బాపు వైపు చూసింది. బాపు ఏడుస్తున్నాడు. ఆమె ముందు సీటు అంచు మీద, ముఖం బయటికి తిప్పుకుని కూర్చుంది. ట్రాలీ విప్పేసి, జీపును ఊరి దాకా ఏటవాలులో దొర్లించుకొచ్చి, నీళ్లు పోసి, నల్లగొండకు బయలుదేరాం. దారి పొడుగునా ఆ ఒక్క మాట నన్ను తొలిచేసింది. కూసో అనడానికి ఏం ఖర్చయింది? మొదటి రోజే అంటే ఏ చక్రం ఊడేది?

దవాఖానలో ఈసారి వేరే డాక్టరు ఉన్నాడు. సూదితో అమ్మ వేళ్లు పొడిచి చూశాడు. అమ్మ ఆయన ముఖం వైపే చూస్తోంది, ఆయన పొడుస్తున్నాడన్న సంగతి ఆమెకు తెలియలేదు. పాత చీటీ తిరగేసి, ఆలస్యం చేశారు, ఈ చేతికి బలం తిరిగి రావడం కష్టమే అన్నాడు.

"బరువు మొయ్యొద్దని రాసి ఉందిగా. మళ్లీ ఏం మోశావమ్మా?" అని అడిగాడు.

"జీపుకు నీళ్లు సారూ" అంది అమ్మ.

డాక్టరుకు అర్థం కాలేదు. వెటకారమనుకున్నాడో ఏమో, కొంచెం కోపంగా మళ్లీ అడిగాడు. ఈసారి గోడకు ఆనుకుని నిలబడ్డ పెద్దబాపు ముందుకు వచ్చాడు.

"నిజమే సారూ, జీపుకు నీళ్లే మోసింది" అన్నాడు. "నేను కూసోని నడిపిన. ఆమెతోని మోపిచ్చిన."